వెనక వరుసలో గొంతు

దర్జీపని చేసే అక్క నెలరోజులుగా ఎదురుచూసిన దెయ్యం సినిమా అది. కుట్టాల్సిన బట్టలన్నీ మిషను మీదే పడేసి, చెల్లెల్ని రెక్కపట్టి లాక్కొచ్చింది. విడుదల రోజు, అందులోనూ మొదటి ఆట. లైట్లు ఆరగానే ఇద్దరికీ ఒళ్లు జలదరించింది. చెల్లెలు అప్పుడే కిసుక్కుమంది. భయమేస్తే నవ్వడం ఆ పిల్లకు చిన్నప్పటి అలవాటు.

వెనకాల ఎవడో వాళ్ల కుర్చీలను తన్నుతూ, కథ ముందే చెప్పేస్తున్నాడు.

"ఇప్పుడు దీపం ఆరిపోతుంది."

తెరమీద దీపం ఆరిపోయింది.

"ఇప్పుడు మేడమీద ఎవరో నడుస్తారు."

నడిచారు.

"ఎన్నోసారి చూస్తున్నాడో మహానుభావుడు," అంది చెల్లెలు.

"ఇదే మొదటి ఆట కదే," అంది అక్క. అన్నాక గాని ఆ మాట తనకే గుచ్చుకోలేదు. అయినా భయం కన్నా ఒళ్లుమంటే ఎక్కువగా ఉంది. టార్చితో తిరుగుతున్న గేటుమనిషిని పిలిచింది.

"మా వెనకాయన్ని కాస్త నోరు మూసుకోమనండి."

టార్చి వెలుగు వెనక వరుస పొడవునా పాకింది. కుర్చీలన్నీ మడుచుకునే ఉన్నాయి.

"ఈ వరుసకి టికెట్లే ఇవ్వలేదమ్మా," అని అతను వెళ్లిపోయాడు.

చెల్లెలు ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కుర్చీ మీద మళ్లీ తన్ను పడింది.

"ఇప్పుడు చెల్లెలి నవ్వు ఆగిపోతుంది," అంది ఆ గొంతు, అక్క చెవి పక్కనే.

సినిమాలో చెల్లెలెవరూ లేరు.

అక్క తెరవైపు చూడటం మానేసి, చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నవ్వవే," అంది. "ఆపకు. నవ్వుతూనే ఉండు."