ఎవరి వైపు నుంచి

"జన్యువును పనిలోకి దించే ప్రోటీన్ ఒంటరిగా ఆ పని చెయ్యలేదమ్మా. దానికి తోడుగా ఇంకో ప్రోటీన్ ఉండాలి. బాబు ఒంట్లో ఆ తోడు సగమే తయారవుతోంది. మాట, నడక ఆలస్యమైందీ, బొటనవేళ్లు వెడల్పుగా ఉన్నదీ అందుకే," అంది డాక్టరమ్మ.

నాలుగేళ్ల కొడుకును ఒళ్లో పెట్టుకున్న కోడలు నీరసంగా తలూపింది.

"ఎవరి వైపు నుంచి వచ్చింది?" అడిగింది పక్కనున్న అత్త. మనవణ్ణి ఒక్కనాడూ ఎత్తుకోని మనిషి. కోడలు నిందకు సిద్ధపడి తల వంచుకుంది.

"ఎవరి వైపు నుంచీ కాదు. తల్లిదండ్రులిద్దరి పరీక్షల్లోనూ లేదు. వాడిలోనే కొత్తగా వచ్చింది."

అత్త మనవడి వైపు వంగింది. "వాడి బొటనవేళ్లు అచ్చం నావే. ఆ వెడల్పు చూసి, అంతా నా నుంచే వచ్చిందనుకున్నానే. ముట్టుకోవాలంటే తప్పు చేసినదానిలా భయమేసేది. ఇలా ఇయ్యి, నీ చేతులు పీకుతుంటాయి."

అత్త పిల్లవాణ్ణి అందుకున్నాక కూడా కోడలి చేతులు కాసేపు అలాగే వాణ్ణి పట్టుకున్నట్టే ఉండిపోయాయి.