మెత్తని కుంచె

కునికే ఎలుకను కుంచెతో మెత్తగా తట్టి లేపడమే ఆ ప్రయోగశాలలో రాత్రి కాపలాదారు పని. నిద్ర లేక మెదడులో రసాయనాలు ఎలా మారాయో చూడటానికి తెల్లారగానే ఆ ఎలుకలను కోస్తారు. అతనికి పాపం అనిపించి, లేపిన ప్రతిసారీ “కాస్త ఓర్చుకో నాన్నా, తెల్లారితే అయిపోతుంది” అనేవాడు.

ఇంట్లో పసిబిడ్డ ఏడుపుతో అతనికీ కంటి మీద కునుకు లేక వారమైంది.

ఆ రాత్రి ఒక్క ఎలుకా కునకలేదు. అన్నీ అతని భుజం మీదుగా వెనక్కే చూస్తున్నాయి. ‘హమ్మయ్య, పని తప్పింది’ అనుకుని కుర్చీలో వాలాడు. రెప్పలు మూతపడ్డాయి.

మెడ మీద మెత్తగా ఏదో తగిలింది. ఉలిక్కిపడ్డాడు. కుంచె తన చేతిలోనే ఉంది. తలుపు గడియ వేసినట్టే ఉంది. వెనక్కి తిరగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఎంత ఆపుకున్నా రెప్పలు మళ్లీ వాలాయి. మెడ మీద మళ్లీ అదే మెత్తని తాకిడి. చెవి పక్కనే ఎవరో జాలిగా అన్నారు: “కాస్త ఓర్చుకో నాన్నా, తెల్లారితే అయిపోతుంది.”