కదలనన్న ఇనుము

వెయిట్‌లిఫ్టర్ పైడితల్లి భుజంలో కండరం చిరిగిందని చర్మం కింది చిప్ కనిపెట్టిన నాటినుంచి, జిమ్‌లో బార్‌బెల్ తన స్టాండును వదలడం లేదు. గాయమైన మనిషికి బరువు అందనివ్వొద్దని ఊళ్లో చిప్ ఉన్న వస్తువులన్నిటికీ కబురు వెళ్లిపోయింది. ఆమె బిందె పెడితే ఇంట్లో కుళాయి కూడా సగానికే ఆగిపోతోంది.

జాతీయ జట్టు ఎంపిక ఎల్లుండే. "ఒక్కపాలి ఒగ్గీవే," అని, స్టాండును వదలమంటూ ఆ ఇనుపకడ్డీని బతిమాలి, ఏడ్చి, ఇంటికొచ్చింది. పెరట్లో పాత రుబ్బురోలు కనిపించింది. ఆ రాతికి ఏ కబురూ అందదు.

వంగి, దాన్ని గుండెల దాకా లేపి, పంటిబిగువున నెత్తిమీదికి ఎత్తేసింది.

"దించీయే, సచ్చిపోతావు!" అంటూ తల్లి అప్పలనర్సమ్మ పరుగెత్తుకొచ్చింది.

భుజంలో ఏదో పుటుక్కున తెగింది. రోలు వెనక్కి పడి మట్టిలో దిగబడింది. పైడితల్లి కూలబడింది. కుడిచెయ్యి ఇక కదల్లేదు.

"అమ్మా, సూసినావు కదా? ఎత్తినాను కదా?"

తల్లి సాక్ష్యం ఎంపికలో చెల్లదని ఇద్దరికీ తెలుసు. అప్పలనర్సమ్మ ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"ఎత్తినావమ్మా. నాను సూసినాను."