సీజు చేసిన దంపతులు

“సంచిలో ఏముందవ్వా?”

చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపించి, ఫారెస్టు రేంజి ఆఫీసరు హరినాథ్ సుబ్బులమ్మ ఒళ్ళోని గుడ్డసంచిని లాఠీ మొనతో తెరిచాడు. లోపల జానెడేసి చెక్కబొమ్మలు రెండు. మగబొమ్మకు జరీ పంచె, ఆడబొమ్మకు నీలం పట్టుచీర.

“మా ఇంటి మరపాచి దంపతులు నాయనా. మొగాయనకు చెయ్యి ఊడిపోతే కాళాస్త్రిలో అతికించుకోని నగరికి పోతాండా. నవరాత్రి కొలువులో ముందు వీళ్ళను మెట్టు మీద కూచోబెట్టినాకనే తక్కిన బొమ్మలు. మా అవ్వకాడినుంచీ ఇవే.”

హరినాథ్ ఆడబొమ్మను తలకిందులు చేసి, చీర పైకెత్తి, గోటితో గీకాడు.

“అయ్యయ్యో! ఆడకూతురి కోక ఎత్తుతావా? నీకేం పొయ్యేకాలం!”

బస్సంతా గొల్లుమంది. హరినాథ్ మొహం మాడిపోయింది. నగరి మగ్గాల సందులోంచి వచ్చిన ముసలిది, అక్షరమ్ముక్క రానిది, యూనిఫాం వేసుకున్న తనను నలుగురిలో నవ్వులపాలు చేస్తుందా?

“ఇది ఎర్రచందనం!” అని గద్దించాడు.

“ఎర్రసందనమే. కాదని నేనన్నానా?”

“ప్రపంచ దేశాలన్నీ కూచోని ఈ చెట్టు గురించి ఒప్పందం రాసుకున్నాయి. అంతర్జాతీయ చట్టం! పుల్ల కదలాలన్నా పర్మిషన్ ఉండల్ల. నీ మొహానికి అది తెలుసునా?”

“దేశాలన్నీ కూచోని నా బొమ్మల గురించి మాట్లాడుకున్నాయా? యాడన్నా ఉండాదా ఈ ఇడ్డూరం!”

అసలు సంగతి వేరు. ఆ ఒప్పందాన్ని ఇక్కడ ఎంత గొప్పగా అమలు చేస్తున్నారో చూడటానికి ఎల్లుండి ఒక విదేశీ దొరసాని వస్తోంది. చూపించడానికి హరినాథ్ దగ్గర ఒక్క కేసూ లేదు. కొండ అవతలి దారిన దుంగలతో పోయే లారీలు ఆ మహానుభావుడి కంటికి ఏనాడూ ఆనలేదు. ముసలమ్మ ఒళ్ళో గుడ్డసంచి మాత్రం బస్సు బయటినుంచే కనిపించింది. ఏం చూపో!

బొమ్మలు సీజయ్యాయి. పులిని పట్టినవాడిలా వాటిని చెరో చేత్తో ఎత్తి హరినాథ్ ఫోటో దిగాడు. సుబ్బులమ్మ బస్సు దిగి కాళ్ళావేళ్ళా పడినా ఆ మనిషి తల తిప్పలేదు.

దొరసాని వచ్చిన రోజు తిరుపతి హోటల్లో ఏసీ హాలు. తెరమీద హరినాథ్ ఫోటో పడగానే అందరూ చప్పట్లు కొట్టారు. దొరసాని తలాడించింది. అంతా సవ్యంగా సాగుతుండగా పెద్దాఫీసరు రాజారత్నం హరినాథ్ చెవిలో అడిగాడు.

“మెమెంటో ఏదయ్యా?”

హరినాథ్ శాలువా తెప్పించాడు, లడ్డూలు తెప్పించాడు, అది మాత్రం మరిచిపోయాడు. “ఇప్పుడే తెస్తా సార్” అంటూ జీపెక్కి పక్కవీధిలోని ఆఫీసుకు పరిగెత్తాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో తళతళలాడే కాగితం చుట్టిన పెట్టె ఉంది. దొరసాని దాన్ని విప్పకుండానే సూట్‌కేసులో పెట్టుకుని చెన్నై కారెక్కింది. రాజారత్నం హరినాథ్ భుజం తట్టి, తానూ సాగనంపడానికి వెంట వెళ్ళాడు.

మర్నాడు పొద్దున హరినాథ్ ఆఫీసులో ఇడ్లీ తింటుండగా సుబ్బులమ్మ వచ్చి నిలబడింది. నిన్నటి గొప్ప ఇంకా దిగని హరినాథ్ ఆమెను కూర్చోమనైనా అనలేదు.

“ఈ పొద్దు అమాస నాయనా. రేపే కొలువు. వాళ్ళు లేకుండా పెడితే ఇంటికి అరిష్టం. నీ కాళ్ళు పట్టుకుంటా, ఇచ్చెయ్యి.”

“ఇచ్చేదానికి అవేమన్నా సంతలో బొమ్మలనుకున్నావా? అసలైన ఎర్రచందనం. కోర్టు సొత్తు. లోపల బీరువాలో బందోబస్తుగా ఉన్నాయి. పో పో, పొద్దున్నే బుర్ర తినాకు.”

ఫోను మోగింది. రాజారత్నం. చేతికి చట్నీ అంటిందని హరినాథ్ మోచేత్తో స్పీకరు నొక్కాడు.

“ఆ పెట్టెలో ఏం పెట్టి చచ్చావయ్యా! చెన్నై ఎయిర్‌పోర్టులో మేడమ్‌ను ఆపేసినారు. ఎర్రచందనం దేశం దాటిస్తోందంట! కస్టమ్స్ ఆఫీసరు ఇక్కడే వింటున్నాడు, చెప్పు!”

అవునంటే ఉద్యోగం ఊడుతుంది. పరువూ పోతుంది. హరినాథ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“అబ్బెబ్బే! ఎర్రచందనమెక్కడిది సార్! ఉట్టి వేపచెక్క. పైన ఎర్రరంగు పూసినారు, అంతే. నేనే గోటితో గీకి చూసినా. కావాలంటే రాసిస్తా!”

“పంచె కట్టిన మగబొమ్మ, నీలం చీర ఆడబొమ్మ. ఇవే కదా?” ఈసారి కస్టమ్స్ ఆఫీసరు గొంతు.

“అవే సార్, అవే! వేపచెక్కే!”

నీలం చీర మాట వినగానే సుబ్బులమ్మ గబగబా బల్ల దగ్గరికి వచ్చి, ఫోను మీదికి వంగి గట్టిగా అరిచింది.

“అయ్యా విమానాలాయనా, ఆ ఏపచెక్క దంపతులు నావే! మొన్న ఎర్రసందనమని కేసు రాసి ఈ సారే నా ఒళ్ళోంచి పెరుక్కున్నాడు, రేపు కొలువు, నగరి బస్సుకు ఏసి పంపియ్యండి!”