మగ్దలేనమ్మ తీర్పు

“దాన్ని ముట్టుకోకు సైలసూ!”

వంటింట్లోంచి మగ్దలేనమ్మ వేసిన కేకకి సైలస్ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. చేతులు యాంప్లిఫయర్‌కి జానెడు దూరంలో ఉన్నాయి.

“ఏటొదినా, కరెంటు కొడతాదా?”

“కొట్టదు. అది ఎక్కడికీ ఎల్లదు. ఉన్నకాడే ఉంటాది.”

కుర్చీలో కూర్చున్న ఎలీయేజరు మేస్టారు తన చెవుల్ని తానే నమ్మలేకపోయారు. రికార్డుల పాటలు వినడానికి ఆయన కొన్న ఆ వాల్వు సెట్టు గడప తొక్కిన నాటి నుంచి దాన్ని వదిలించుకోమని పోరు పెట్టింది ఈవిడే. గదిలో ఇంకో పొయ్యి పెట్టినట్టుందని ఒకసారి, కరెంటు తాగేస్తోందని ఒకసారి, ఒక్క వాల్వు పోతే దానికోసం విశాఖపట్నమంతా గాలిస్తారని ఒకసారి. రిటైరై లంబసింగిలో ఇల్లు కట్టుకున్నాకా ఆ సాధింపు ఆగలేదు. చివరికి మొన్న క్రిస్మస్ ముందు మేస్టారే దిగొచ్చి, ఇచ్చేస్తానని మాటిచ్చారు. జి.మాడుగులలో సౌండు షాపు నడిపే సైలస్‌కి కబురంపారు. ఊళ్లో టూరిస్టుల కోసం కాటేజీలు కట్టిన వాళ్లకి, గాజు వాల్వులు ఎర్రగా వెలిగే పాత సెట్టొకటి అలంకారానికి కావాలట. బదులుగా సైలస్ వాల్వుల్లేని కొత్త ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ సెట్టు పట్టుకొచ్చాడు.

పొద్దున్నుంచీ మేస్టారి మనసు మనసులో లేదు. మంచు విడిచినా ఇంట్లోంచి కదల్లేదు. ఆ సెట్టు లేకుండా ఈ గదిలో ఎలా కూర్చోవడమా అని ఒకటే దిగులు.

“కొత్తది సూడొదినా,” అన్నాడు సైలస్. “ఎంత తేలికో! స్విచ్చి నొక్కితే బేగి పాడతాది. రిపేరన్న మాటే ఉండదు.”

“తేలికైతే నాకేటి? నెత్తినెట్టుకు తిరుగుతానా?”

“మరిన్నాళ్లూ నువ్వే కదా తీసీమన్నావు?”

“ఇన్నాళ్లూ సరిగ్గా ఇన్నేదు. ఇప్పుడింతన్నాను. అందులో పాట నిండుగా ఉంటాది.”

మేస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. నిండుగా అన్న మాట ఆయనదే. ఎన్నేళ్లుగానో ఆయన ఆ మాట అనడం, ఆవిడ విసుక్కోవడం. ఆలోచిస్తే ఈమధ్య ఆవిడ తీరే మారింది. సెట్టు ఆపనివ్వడం లేదు. మాటిమాటికీ ఆపి వేస్తే వాల్వులు పాడవుతాయన్నారు కదా అని ఆయన మాటే ఆయనకి అప్పజెప్తోంది. దుమ్ము పడకుండా వెనకవైపు తన పాత శాలువా అడ్డం కట్టింది. ఎప్పుడు చూసినా ఆ వెనక చేతులు పెట్టి ఏదో సర్దుతూనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో వంగలేని మేస్టారు, పోనీలే, తను చేయలేని పని ఆవిడ చేస్తోందనుకున్నారు.

సైలస్ ఊరుకోలేదు. కాటేజీల వాళ్లకి మాటిచ్చేశాడు మరి.

“అయితే పందెం. కళ్లు మూసుకో. పాట రెండిట్లోనూ ఏస్తాను. పాతదేదో సరిగ్గా సెప్పీసేవా, దాన్ని ముట్టుకోను. తప్పితే ఒట్టుకెళ్లిపోతాను.”

“ఏసుకో. కానీ తీగలు స్పీకర్ల కాడే మార్సుకో. సెట్టు జోలికెల్లకు.”

ఆవిడ గదిమధ్య పీట వేసుకుని, ప్రార్థనకి కూర్చున్నట్టు చేతులు జోడించి కళ్లు మూసుకుంది. వయొలిన్ మొదలైంది. కాసేపటికి ఆగింది. సైలస్ పిల్లిలా నడిచివెళ్లి తీగలు మార్చాడు. అదే వయొలిన్ మళ్లీ మొదలైంది. మేస్టారు భార్య ముఖంలోకే చూస్తున్నారు.

అప్పుడు కనిపించింది ఆయనకి. ఆవిడ ఎడమ కంటి రెప్పల మధ్య సన్నటి సందు.

ఆదివారం ప్రార్థనలోనూ అంతే. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో ఓరకంట చూసుకోనిదే ఆమేన్ అనదని సంఘమంతటికీ తెలుసు.

“ఇప్పుడు పాడతన్నదే పాతది,” అంది మగ్దలేనమ్మ.

సైలస్ నోరు తెరిచాడు. మేస్టారు నోరు మూసుకున్నారు. ఆయనకి అంతా అర్థమైపోయింది. ఆవిడకి ఆ తేడా తెలియదు, ఎన్నడూ తెలియలేదు. మొగుడి బెంగ చూడలేక, దేవుడి ముందు జోడించినట్టే చేతులు జోడించి, దొంగతనంగా చూసి, సెట్టుని నిలబెట్టింది. ఆయన కళ్లు చెమర్చాయి.

భోజనాల దగ్గర సైలస్ గిన్నెల్లోకి తొంగి చూశాడు. “నాటుకోడి కూరన్నావు, ఏదొదినా?”

“పొదుగుతున్న పెట్టని అడవిపిల్లి ఎత్తుకుపోనాది సైలసూ. ఈ పూటకి పప్పేసుకో.”

తిని, కొత్త సెట్టు ఆటోలో వేసుకుని, పందెం ఓడిపోయినందుకు గొణుక్కుంటూ సైలస్ వెళ్లిపోయాడు. మేస్టారు రికార్డు పెట్టి, కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చున్నారు.

“నువ్వు కళ్లు తెరవడం నేను చూశాను,” అన్నారు మెల్లగా.

“తెరిస్తే ఏటంట?”

“ఏం లేదు. నాకోసం అంత పని చేశావు. నేనే నిన్ను తెలుసుకోలేకపోయాను మగ్దలేనూ. ఇన్నేళ్లూ నీకు నా ఇష్టాలంటే పట్టదనుకున్నాను.”

“ష్... మాటాడకండి. ఇనండి.”

ఆవిడ సెట్టు వైపు వంగి, చెవి రిక్కించి, ఒక్క శబ్దం కూడా జారిపోకూడదన్నట్టు వింటోంది. ముఖం వెలిగిపోతోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో తన పాట ఆవిడ అలా వినడం మేస్టారు చూడలేదు. ఆనందం పట్టలేక ఆవిడ చెయ్యి అందుకున్నారు. ఆవిడ తీసేసుకోలేదు.

రికార్డు అయిపోయింది. తిప్పి పెట్టబోతే ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఉండండి, వద్దు.”

గది నిశ్శబ్దమైపోయింది.

సెట్టు వెనకాల కోడిపిల్ల కీచుమంది.