జమ్ముపిట్టల లెక్క

“ఒక్కటి రాయండి. మీ చెయ్యేం అరిగిపోదు” అంది భార్య.

ఫిట్టరు పెన్ను మూత తీసి అరగంటయింది. ఎదురుగా ఫారం, అందులో పన్నెండు గళ్ళు. పదకొండింట్లో సున్నాలు పెట్టేశాడు. పన్నెండోది కూడా పెడితే మడుగు పోతుంది. పెట్టకపోతే తన మాట పోతుంది.

మడుగు ఊరి చివర ఉంది. నిండా మనిషెత్తు జమ్ముగడ్డి. అందులో గూడు కట్టేది జమ్ముపిట్ట. పిడికిలంత ఉంటుంది, ఎండుగడ్డి రంగు. కంటికి కనపడదు, చెవికి దొరకాల్సిందే. గూళ్ళ కాలంలో మగపిట్ట తెల్లారగానే కూస్తుంది. గొంతు మహా సన్నం, గాజు మీద సూదితో గీసినట్టుంటుంది. ఒక కూతకి ఒక గూడని లెక్క.

ఆ లెక్క రాసే పని ఫిట్టరుది. జీతం లేదు, భత్యం లేదు. నూలుమిల్లులో మిషన్ల మధ్య పనిచేస్తూనే మొదలెట్టాడు, రిటైరయ్యాకా వదల్లేదు. జనం వెనకాల ‘పిట్టల ఫిట్టరు’ అని నవ్వుకుంటారు. ముందర కూడా నవ్వుతారు. ఆయన పట్టించుకోడు.

పద్ధతి మాత్రం కచ్చితం. ఏటా అదే వారం, అదే దారి, అవే పన్నెండు చోట్లు, చోటుకి ఐదు నిమిషాలు. అన్నిటికంటే ముఖ్యం, అదే మనిషి. మనిషి మారితే లెక్క మారిపోతుందనీ, పోయినేటితో పోల్చడానికి పనికిరాదనీ పక్షుల ఆఫీసు మేడమ్ మొదటిరోజే చెప్పింది. అందుకే జ్వరమొచ్చినా ఆయనే వెళ్ళాడు. తోడొస్తానని భార్య అడిగితే “నీ నోరు ఐదు నిమిషాలు మూతపడదు కదే” అన్నాడు. ఆవిడ పంతం పట్టి మూడ్రోజులు మాట్లాడకుండా చూపించింది. అయినా తీసుకెళ్ళలేదు.

మొదటి ఏడు నలభై ఒకటి. ఆ రోజు పెళ్ళికొడుకులా ఇంటికొచ్చాడు. పదేళ్ళకి ఇరవై మూడయ్యాయి. తర్వాత తొమ్మిది. తర్వాత రెండు. పోయిన రెండేళ్ళూ సున్నా. వరసగా మూడేళ్ళు గూడు లేకపోతే మడుగుకి రక్షణ ఎత్తేస్తారు. ఎత్తేస్తే పూడ్చి లారీల స్టాండు కడతారు. దానికోసం ఎప్పట్నించో కాచుక్కూర్చున్నారు.

ఎందుకు పోయాయో అర్థంకాక ఆయన తల పగలగొట్టుకున్నాడు. కాకులకి లోటు లేదు, కొంగలకి లోటు లేదు. పోయిందల్లా సన్నప్రాణాలే. చివరికి కీచురాళ్ళు కూడా పోయాయి. అంతా పురుగుమందుల పుణ్యమేనని పేపరుకి ఉత్తరం రాస్తే వేశారు కూడా.

దిగులు ముదిరాక ఆయనకి అన్నిటిమీదా విసుగే. ఐదు నిమిషాలకి మోగాల్సిన వాచీ మూగబోయింది. బ్యాటరీ మార్చాడు. తర్వాత వాచీయే మార్చాడు. అదీ అంతే. బాగానే ఉందంటాడు షాపువాడు. అమ్ముకునేవాడు ఇంకేమంటాడు? ఈ కాలం సరుకింతే అనుకుని, అంకెలు చూసుకుంటూ నిలబడడం అలవాటు చేసుకున్నాడు.

ఈ ఏడూ పన్నెండు చోట్లా నిలబడ్డాడు. చివరి చోట ఐదు నిమిషాలయ్యాక కదలబుద్ధి కాలేదు. మోకాల్లోతు నీళ్ళలో నిలబడి ఏడ్చాడు. చూసేవాళ్ళెవరూ లేరు గనక కడుపారా ఏడ్చాడు.

“ఎవరొచ్చి చూస్తారండీ? ఉందంటే ఉన్నట్టే” అంది భార్య మళ్ళీ.

“వినపడంది విన్నానని రాయమంటావా? ఇవాళ ఒక్కటి దొంగది రాస్తే పంతొమ్మిదేళ్ళ లెక్కా దొంగదే అవుతుంది.”

“మడుగు పోతే తట్టుకోగలరా మరి?”

“లేను.”

ఫిట్టరు సున్నా పెట్టి, సంతకం చేసి, పెన్ను మూత బిగించాడు.

మర్నాడు మేడమ్ ఫోన్ చేసింది.

“బాబాయ్ గారూ, ఇంత పెద్ద విషయం కదా. ఇంకెవరినైనా ఒకసారి పంపించమంటారా?”

“అంటే నా లెక్కమీద అనుమానమా అమ్మా?”

“అయ్యో, అంత మాటెందుకు. మీ లెక్కని అనుమానిస్తే ఇంక నమ్మడానికేముంది?” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నెల తిరక్కుండానే రక్షణ ఎత్తేశారు. ఆ మర్నాడు పొద్దున్నే ప్రొక్లెయినర్ వచ్చింది. వెళ్ళొద్దని భార్య బతిమాలింది. చావుకి వెళ్ళకుండా ఉంటారా ఎవరైనా అని చెప్పులేసుకుని బయల్దేరాడు.

గట్టు మీద ఆయన తప్ప ఇంకెవరూ లేరు. యంత్రం ఒక వరస జమ్ముని వేళ్ళతో సహా పెకలించి పక్కన పడేసింది. డ్రైవరు ఇంజను ఆపి, మొహం తుడుచుకుంటూ దిగొచ్చాడు. పొరుగూరివాడు, ఈ మడుగు సంగతులేవీ తెలియవు. మధ్యలో పాపం అతనేం చేశాడు? ఫిట్టరు తన నీళ్ళసీసా అందించాడు. ఇంజను ఆగాక మడుగు మరీ బావురుమంటున్నట్టు తోచింది ఆయనకి.

“కానీ నాయనా, నీ పని నువ్వు కానీ” అన్నాడు. “ఇందులో ఇంకేం మిగల్లేదు. బతికున్నదేదీ లేదు.”

డ్రైవరు తాగుతున్నవాడల్లా ఆగి, ఆయన వంక వింతగా చూసి, జమ్ము వైపు తిరిగాడు.

“అదేంటి పెద్దాయనా, మరి నేను ఇంజను ఆపిందగ్గర్నించీ ఈ గడ్డి నిండా ఇంత సన్నగా, చెవులు చిల్లులు పడేలా కూస్తున్నవేంటి?” అన్నాడు.