నత్తల పిల్లకు సంబంధం

"తలుపు నేను తీస్త గని, నువ్వు ముందుగాల ఆ నత్తల్ని దాచిపెట్టు అర్షీన్" అని బిడ్డను గదమాయించి, షమ్షున్నీసా గడియ తీసింది.

గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. కళ్లద్దాల పెద్దామె చేతిలో పండ్ల సంచి, చిన్నామె చేతిలో ఫోను.

"అర్షీన్ ఇల్లు గిదేనా ఆపా? నా పేరు తహూరా. పిల్లను ఒకసారి చూసిపోదామని వచ్చినం" అన్నది పెద్దామె.

షమ్షున్నీసా ముఖం విప్పారింది. గజ్వేల్ వాళ్లు ఈ వారంలో ఎప్పుడైనా రావచ్చని, సంబంధాలు కుదిర్చే జానీ పాషా చెప్పనే చెప్పాడు. ఇక పిల్లను చూడవచ్చినవాళ్లను ఏం పని మీద వచ్చారని అడిగితే మర్యాదేనా? పెళ్లి మాట మొదటిరోజే ఎవరూ నోరు తెరిచి అనరు. చూస్తారు, చాయ్ తాగుతారు, పిల్ల నచ్చితే అబ్బాయి ఫోటో కవర్లో పెట్టి ఇచ్చిపోతారు.

ఇప్పటికి మూడు సంబంధాలవాళ్లు కవరు తీయకుండానే లేచిపోయారు. కారణం నత్తలే. అర్షీన్ జువాలజీ చదివింది. చదివితే చదివింది, ఆ చదువును ఇంటికి మోసుకొచ్చింది. గోలెంలో కోమటిచెరువు నత్తలు, సబ్బు పెట్టెలో ఆల్చిప్పలు, తల్లి గాజుల డబ్బా నిండా గవ్వలు. మొన్న వచ్చినావిడ చెప్పులో నత్త కనబడేసరికి, ఆ తల్లి చెప్పులు ఇక్కడే వదిలేసి ఆటో ఎక్కింది. తన బిడ్డను ఉన్నది ఉన్నట్టు మెచ్చే మనిషి ఒక్కరైనా పుట్టి ఉంటారా అన్న దిగులుతో షమ్షున్నీసాకు అన్నం సహించడం లేదు.

ఇంతలో అర్షీన్ పిలవకుండానే వచ్చింది. కొత్త కుర్తా తొడుక్కుంది, దుపట్టా సర్దుకుంది, వంగి సలాం చేసింది. ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందా అని తల్లి మురిసిపోయింది. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. పిల్ల చేతిలో చాయ్ పళ్లెం లేదు, నత్తల పళ్లెం ఉంది.

"కూసో బేటీ. నీ నత్తల ముచ్చట మా దాక వచ్చింది" అన్నది తహూరా.

కొంప మునిగిందనుకుంది షమ్షున్నీసా. నత్తల కబురు గజ్వేల్ దాకా పాకిపోయిందన్నమాట.

"అవన్ని ఉత్త ముచ్చట్లు ఆపా. నోట్లె నాలుక లేని పిల్ల మాది" అని అడ్డం పడింది.

"నత్తకు మాత్రం ఉంటది" అని అందుకుంది అర్షీన్. "నాలుక మీద వేలకొద్ది పండ్లుంటయి. రంపం పెట్టినట్టు ఆకును గీకి తింటది."

తల్లి పక్కనుంచి గిల్లింది. పిల్ల ఆగితే కదా.

"నత్త, ఆల్చిప్ప, గవ్వ, శంఖం అన్ని ఒక్క ఖాందానే. బొక్కల్లేని మెత్తటి ఒళ్లు. నత్త ఇల్లు వీపు మీద ఏసుకున్నది. ఆల్చిప్ప రెండు తలుపుల ఇల్లు కట్టుకున్నది. ఆక్టోపస్ అసలు ఇల్లే వద్దని ఎనిమిది చేతులేసుకొని సముద్రం మీద పడ్డది. దానికి మూడు గుండెలు."

షమ్షున్నీసాకు ఉన్న ఒక్క గుండె ఆగినంత పనైంది.

"అమ్మీ పాన్‌ల ఏసుకునే సున్నం గూడ, వెనకట గీ గుల్లల్ని కాల్చి చేసేటోళ్లు."

షమ్షున్నీసా నోట్లో పాన్ నమలడం ఆపేసింది.

తహూరా పకపకా నవ్వి, "అటు చివరికి నడిచి చెప్పు బేటీ. గొంతు ఎంత దూరం వస్తదో చూస్తం" అన్నది.

నడక చూస్తున్నారు, మాట చూస్తున్నారు. అర్షీన్ వసారా చివర నిలబడి ఆల్చిప్పలో ముత్యం ఎట్లా పుడుతుందో చెబుతుంటే, చిన్నామె ఫోన్‌లో ఏదో రాసుకుంది. వెనకటివాళ్లు ఇవన్నీ మనసులోనే పెట్టుకునేవాళ్లు, ఇప్పటివాళ్లకు దానికీ ఫోను కావాలి అనుకుంటూ షమ్షున్నీసా తనే పోయి ఇద్దరికీ చాయ్ తెచ్చి పెట్టింది.

"బయట తిరుగుడు అలవాటేనా?" అని అడిగింది తహూరా.

"మా పిల్ల గడప దాటదు ఆపా" అన్నది షమ్షున్నీసా గర్వంగా.

ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి.

"అమ్మీ ఉత్తగ అంటది" అన్నది అర్షీన్. "రోజు చెరువు దాక పోత. నంగునూరు పొలాలన్ని తిరిగిన."

వాడిన ముఖాలు మళ్లీ విచ్చుకున్నాయి. ఇదేం విడ్డూరమో షమ్షున్నీసాకు అంతుపట్టలేదు.

"పిల్లలంటే ఓపిక ఉంటదా? మాకు పిల్లలే ముఖ్యం."

"అల్లా ఎంతమందినిస్తే అంతమంది ఆపా" అన్నది తల్లి తడుముకోకుండా. చిన్నామెకు చాయ్ పొలమారింది. అర్షీన్ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గు పడుతోందని తల్లికి కాస్త ఊరట కలిగింది.

సరిగ్గా అప్పుడే పళ్లెంలోంచి దిగిన నత్త ఒకటి తహూరా చాయ్ సాసర్ ఎక్కి, అక్కడి నుంచి ఆమె వేలు పట్టుకుంది. షమ్షున్నీసా కళ్లు గట్టిగా మూసుకుంది. ఇక లేస్తారు, చెప్పులు వదిలేసి పోతారు.

"అరె, కొమ్ములు బయట పెడుతున్నది" అన్న గొంతు వినబడింది.

"నేల నత్తకు కండ్లు కొమ్ముల కొసకుంటయి మేడం. మిమ్మల్నే చూస్తున్నది."

షమ్షున్నీసా ఒక కన్ను తెరిచింది. తహూరా నత్తను అరచేతిలో పెట్టుకొని చంటిపిల్లను చూసినట్టు చూస్తోంది.

"ఆపా, గిసొంటి పిల్ల కోసం ఆర్నెల్ల సంది దేవులాడుతున్నం. ఇగ మీ అర్షీన్ మాదే."

"మరి... గీ నత్తలు?"

"నత్తలు గూడ రావాలె. అవి లేకుంటె ఎట్ల?"

షమ్షున్నీసా కళ్ల వెంట నీళ్లు జలజలా రాలాయి. మూడు సంబంధాలు పోతే పోయాయి, నత్తలతో సహా ఏలుకునే ఇల్లు దొరికింది. ఆ సంతోషంలో తహూరాను నత్తతో పాటే కావలించుకుంది.

తహూరా సంచిలోంచి తెల్లకవరు తీసి అర్షీన్ చేతిలో పెట్టింది. అర్షీన్ అక్కడే చింపి చూసి, వసారాలో గిర్రున రెండు చుట్లు తిరిగింది. పిల్లకు ఇంతగా నచ్చాడంటే చందమామ లాంటివాడే అయి ఉంటాడని, షమ్షున్నీసా కళ్లు తుడుచుకుంటూ ఆత్రంగా దగ్గరికి పోయింది.

"చూపియ్యవే, అబ్బాయి ఎట్లున్నడు?"

"అబ్బాయి లేడమ్మీ, గిది సైన్సు టీచర్ నౌకరీ కాయితం."